దొంగ తుమ్ము

గుంటూరు మిర్చి యార్డు నుంచొచ్చి
నాలుగుసార్లు సబ్బేసి రుద్దినా
గోళ్ల సందుల్లో ఇంకా తేజా ఘాటే.

గడపలో హంసిని,
ఒక కాలికి నా చెప్పు
రెండో కాలికి వాళ్లమ్మది.
నన్ను చూడగానే ముక్కు చిట్లించి
"ఆచ్చి!"
రాని తుమ్ము.

"చిరంజీవ" అన్నాను.
అంతే, రుచి మరిగింది.
అన్నం ముద్దకో ఆచ్చి,
లాగు తొడగబోతే పరుగెత్తుతూ ఆచ్చి,
కరెంటు పోతే చీకట్లోంచి ఆచ్చి.
నూరేళ్లు, నూరేళ్లు అంటూ
వాళ్లమ్మ లెక్క తప్పింది.
పడుకునేసరికి
పిల్ల ఆయుష్షు పదకొండు వందల ఏళ్లు.

అర్ధరాత్రి
నిద్రలో నిజం తుమ్మొకటి.
ఇద్దరం ఒక్కసారే లేచాం.
దుప్పటి సర్ది, నుదురు తాకబోయి
ఆగి,
మళ్లీ చేతులు కడుక్కోడానికి వెళ్లాను.