ఎనిమిదో తరగతి ఈజ్

కలెక్టివ్ నౌన్ అని బోర్డు మీద రాసి
కింద గీత గీయబోతే
చాక్‌పీసు మధ్యలోనే విరిగింది.

గొర్రెలు ఎన్నున్నా ఫ్లాక్ ఒకటే, అన్నాను.
తేనెటీగలు ఎన్నున్నా స్వార్మ్ ఒకటే.
కొత్త సంగతేదో చెబుతున్నాననే అనుకున్నాను.
నాది నంద్యాల. కోసిగి పక్కన ఈ ఊరికొచ్చి
అప్పటికి నాలుగు నెలలు.

మంద, అన్నాడు కురువోళ్ళ ఈరన్న.
"నూరు దాటితేనే మంద మేడం,
అంతకు తక్కువైతే ఉత్త జీవాలే."
మోపు, అంది తాయమ్మ,
రెండు చేతులూ నెత్తికెత్తి, బరువుకి మెడ కాస్త వంచి.
బారు, అన్నారు వెనక బెంచీలోంచి,
చీమలది,
ట్యాంకరొచ్చే రోజు బిందెలది.
తెట్టె, గెల, వామి, కుప్ప
ఒకరి మాట మీద ఒకరు పడి చెబుతుంటే
పుస్తకం నేనే మూసేశాను.

ఉరుకుందు లేవలేదు. కూర్చునే చెయ్యెత్తాడు.
"గుంపు, మేడం."
దేని గుంపురా?
"మిరపకాయలది."
అందరూ నవ్వారు.
"కాయలది కాదు, కాయలు కోసేటోళ్ళది.
మా మేస్త్రి గుంపుకే అడ్వాన్సిచ్చినాడు,
గుంపుకే లారీ మాట్లాడినాడు.
జొరమొస్తే మాత్రం
గుంపుకొచ్చిందనడు. మా యమ్మకొచ్చిందంటాడు."

ఇంగ్లీషులో దానికో సూత్రముంది, అన్నాను.
అంతా ఒక్క మనిషిలా కదిలితే ఈజ్.
ఎవరి పాటికి వాళ్ళయితే ఆర్.
పుస్తకంలో జ్యూరీ అని ఉంది.
ఈ ఊళ్ళో జ్యూరీని చూసినవాళ్ళెవరు?
పంచాయితీ అని మార్చాను.
పెద్దమనుషులు ఒక మాట మీద నిలబడితే పంచాయితీ ఈజ్,
తువ్వాళ్ళు దులుపుకుని లేచారా, ఆర్.
ఆ ఏడాది నేను తిన్నగా చెప్పిన పాఠం అదొక్కటే.

డిసెంబరు మొదటి వారంలో సుగ్గి మొదలైంది.
రాత్రి లారీల చప్పుడు విన్నాను, లేవలేదు.
సగం ఊరు గుంటూరు దారి పట్టింది,
గిన్నెలూ, కోళ్ళూ, చంకలో పిల్లలూ.
కొన్ని ఇళ్ళకు తాళం,
కొన్నిటికి తాళం బదులు ముళ్ళకంప.

పొద్దున ముప్పై ఎనిమిది పేర్లు పిలిచాను.
పదకొండు గొంతులు పలికాయి.
ఉరుకుందు పేరు రెండుసార్లు పిలిచాను, ఎందుకో.
వంట ఆయమ్మకెవరూ చెప్పలేదు,
ముప్పై ఎనిమిది గుడ్లు ఉడికించింది.
పదకొండు మందీ మూడేసి తిన్నారు.
మిగిలిన అయిదింటిని ఏ నౌన్ కింద రాయాలో తెలీక
ఆయమ్మ కొంగులోనే మూటకట్టుకు పొమ్మన్నాను.

మండలం నుంచి ఫోను.
ఎయిత్ క్లాస్ నడుస్తోందా?
నడుస్తోంది సార్.
రిపోర్టులో రాశాను: ది క్లాస్ ఈజ్ రన్నింగ్.
తాయమ్మ నా భుజం మీంచి తొంగి చూసింది.
"మేడం, అది ఆర్ కదా?"
సంతకం పెట్టేశానే, అన్నాను.

జనవరి చివర్లో ఓ రాత్రి పదకొండింటికి
తెలియని నంబరు నుంచి రింగు.
మొదట దగ్గు. తర్వాత వాడే.
మేస్త్రి ఫోనంట, రెండు నిమిషాలేనంట.
చేతులు మండుతున్నాయని చెప్పలేదు.
చలి గురించి చెప్పలేదు, నేనడిగినా.
అన్నీ కూడబలుక్కుని ఇంగ్లీషులో అన్నాడు:
"మేడం, గుంపు ఆర్ స్లీపింగ్."

అందరూ ఒకే పట్టా మీద, ఒకే నిద్రలో కదా,
ఈజ్ అనొచ్చు కదా, అనుకున్నాను.
కానీ ఎవరి దగ్గు వాళ్ళదిగా వినిపిస్తూనే ఉంది.
కరెక్టేరా, అన్నాను.
మరి నువ్వో?

కాసేపు పలకలేదు.
"ఐ ఈజ్ నాట్, మేడం."

ఐ తర్వాత యామ్ రావాలిరా అని
నోటిదాకా వచ్చింది.
చార్జింగ్ అయిపోయింది,
వాడిదో, నాదో.