మిషన్ చప్పుడు

బాబామెట్టలో మేడమెట్ల కింద గది.
జుహర్ నమాజయ్యాక
జైతూన్ బీ కుట్టుమిషన్ ఇంకా గట్టిగా మోగుతుంది.
జాకెట్ల ఆర్డర్లు ఎక్కువై కాదు,
మాటలు మెట్లెక్కి పైకి పోకూడదని.

కొలతలివ్వడానికే వచ్చినట్టు వస్తారు.
అర మీటరు లైనింగు గుడ్డ, అదే సాకు.

"ఖాజీ సాబ్‌ని అడగొచ్చు కదేటి?" అన్నాను
పనికి చేరిన కొత్తలో.
"పదకొండో రోజు గురించి
పరదా ఎనకనించి ఎలాగ అడుగుతాదే?"

ఆ పదకొండో రోజు
నఫీజా కంటోన్మెంటు నుంచి నడిచొచ్చింది.
రంజాను సగమైంది, నెత్తురు ఆగలేదు.
ఉపవాసం ఉండాలో వద్దో తెలీక
తలుపు చాటున గుక్కెడు నీళ్ళు తాగి,
తాగినందుకు ఏడ్చిందట.

జైతూన్ బీ తొక్కుడు ఆపలేదు.
"మామూలుగా ఎన్నాళ్ళు నీకు?"
"ఆరు."
"పది దాటింది గనక ఇది మైల కాదమ్మా, జబ్బు.
గుసుల్ చేసెయ్. నమాజు నమాజుకీ కొత్త వజూ.
ఆరో రోజు తర్వాత ఒదిలేసినవి
మెల్లగా తీర్చుకో, అప్పులాగే. వడ్డీ లేదులే.
రేపు పొద్దున్నే ఘోషా ఆసుపత్రికి పో.
అల్లా పిలుస్తున్నాడు, డాక్టరమ్మా పిలుస్తోంది,
ఇద్దరికీ పలకాల."

నఫీజా లైనింగు గుడ్డ మర్చిపోయి వెళ్ళింది.

మిషన్ ఆగింది ఒక్కసారే.
ఖుర్షీద్ వచ్చిన రోజు.
ఎడమ చెయ్యి దుపట్టాలోంచి బయటికి తియ్యలేదు.
"మెహర్ వాపసిస్తే ఒదిలేస్తానంటున్నాడు."
"ఎంత?"
"పదకొండు వేల ఏడొందల ఎనభై ఆరు.
కాయితం మీద."
"చేతికి?"
ఖుర్షీద్ నేల చూసింది.
"ఇవ్వనిది వాపసేటే!"

తర్వాత ఇంకేదో అడిగింది, చాలా చిన్న గొంతుతో.
మిషన్ ఆగినా నాకు వినపడలేదు.
జైతూన్ బీ దారం తెంపింది,
కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచింది.
"నాకు తెలీదు," అంది.
"శ్రీకాకుళంలో మా ఉస్తాదమ్మ ఉంది. అడిగొస్తాను.
అందాకా నువ్వు ఆ ఇంటికెళ్ళకు, ఇక్కడే పడుకో.
దీనికి ఎవర్నీ అడగక్కర్లేదు."

బస్సెక్కేముందు నాతో అంది:
"కాజాలు కుట్టడం నాలుగు రోజుల్లో వచ్చింది నాకు.
తెలీదని చెప్పడానికి నాలుగేళ్ళు."

మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు.
చేతిలో అర మీటరు గుడ్డ.
"ఆమె లేదా?"
లేదన్నాను.
అయినా కూర్చుంది.

లోపల ఖుర్షీద్ నిద్రపోతోంది.
నేను ఖాళీ సూదితోనే
మిషన్ తొక్కడం మొదలెట్టాను.