ఎడమ పక్క రేవు

ఎల్ఫ్రీడా కీపింగ్ తన అచ్చుల్ని
సిరా తడారకముందే నా దుకాణానికి తెచ్చేస్తుంది.
చట్రాలు కట్టేవాణ్ణి కదా,
బొమ్మకంటే ముందు నాకు అంచులే కనిపిస్తాయి.
ప్రతిదానికీ కింది మూల బొటనవేలి నల్ల ముద్ర.
చెరిపెయ్యమని ఎప్పుడూ అనదు.

రంగుల్లో వేసినవీ ఉన్నాయి:
కాడ్ చేపలు ఎండేసిన మంచెలు,
మోకాళ్లు గీరుకుపోతూ బెర్రీలు ఏరిన దిబ్బ,
నాన్న పడవకి పూయగా మిగిలిన పచ్చరంగు
పూసుకున్న పాక తలుపు.
వేసవిలో వచ్చేవాళ్లు కొనుక్కెళ్తారు.
అందంగానే ఉంటాయి. నేనేమీ అనను.

స్కిల్లెట్ కోవ్‌ని మాత్రం రంగుల్లో వేయదు.
లినోలియం మీద చెక్కుతుంది.
ఆ లినోలియం కూడా అక్కడిదే,
వాళ్ల వంటింటి నేల నుంచి ఒలుచుకున్నది.
పొయ్యి ముందు వాళ్లమ్మ నిలబడిన చోట
రెండు పాదాల మేర అరిగిపోయింది,
సిరా అంటదు.
అచ్చులో తెల్లగా మిగిలే ఆ మచ్చని
కొన్నవాళ్లు పొగమంచు అనుకుంటారు.

ఆ ఊరిప్పుడు లేదు.
అరవై ఏడులో ఒక అధికారి కాగితం పట్టుకుని దిగాడు.
బడికి ఇక పంతులు రాడు, ఓడ ఆగదు,
వెళ్లిపోయేవాళ్లు చేతులెత్తండి అన్నాడు.
ఎత్తారు.
ఎవరు ముందు ఎత్తారన్నది
ఇప్పటికీ ఈ అఖాతంలో భోజనాల దగ్గర అడక్కూడని మాట.

ఇళ్ల కింద ఖాళీ నూనె పీపాలు కట్టి
పోటు చూసుకుని నీళ్లలోకి తోశారు.
కీపింగుల ఇల్లు పదమూడు మైళ్లు తేలుకుంటూ వచ్చింది.
ఒక్క కప్పూ పగల్లేదట.
పిల్లి మాత్రం దిగనని
మేడ కిటికీలో కూర్చుని దారంతా తిట్టిందట.

పోయిన మార్చిలో ఎల్ఫ్రీడా
ఒక అచ్చు తెచ్చి బల్లమీద పడేసింది.
"చించెయ్. తిప్పి చెక్కడం మర్చిపోయాను.
నలభై ఏళ్లుగా ఇదే పని చేస్తూ."
నిజమే.
చర్చి ఉండాల్సిన చోట రేవు,
రేవు ఉండాల్సిన చోట చర్చి.

ఆవేళ వాళ్ల మేనత్త థర్జా తోడొచ్చింది.
తొంభై దాటిన మనిషి.
కాగితాన్ని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని
చాలాసేపు చూసింది.
"ఇన్నాళ్లకి సరిగ్గా వేశావే పిల్లా" అంది.

మేమిద్దరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

పన్నెండో ఏట ఆమెకి క్షయ.
రెండు చలికాలాలు మంచం మీదే, కదలకూడదు.
కిటికీ తల వెనక.
ఎదురుగా బీరువా అద్దం,
అద్దంలో రేవు.
తండ్రి పడవ రోజూ ఎడమ పక్క నుంచే వచ్చేది.
"లేచి నడిచి గుమ్మం దాటితే
ఊరు ఊరంతా తప్పుగా ఉంది.
ఎవరితోనూ అనలేదు.
అలవాటు చేసుకున్నాను."

ఎల్ఫ్రీడా పెన్సిల్ తీసింది.
అంకె వేయలేదు. అత్త పేరు రాసింది,
అదీ ఎక్కడ రాయాలో తెలియనట్టు, కాస్త వంకరగా.

అద్దం వేయమంటారా అని నేనడిగాను,
అలవాటు కొద్దీ.
"వద్దు బాబూ" అంది ముసలావిడ,
"నేను అడ్డొస్తాను."

అద్దం లేకుండానే కట్టాను, స్ప్రూస్ చెక్కతో.
డబ్బు తీసుకోలేదని చెప్పుకోవాలని ఉంది.
సగం తీసుకున్నాను.