తాళంచెయ్యి

అరండల్‌పేటలో టీ కొట్టుకీ మందుల షాపుకీ మధ్య
ఆరడుగుల వెడల్పు నా దుకాణం.
స్క్రూడ్రైవరు పట్టకముందే ఎవరినైనా ఒకటే అడుగుతాను:
"పాస్‌వర్డ్ చెప్పండి."

అప్పుడు చూడాలి మనుషుల్ని.
కిడ్నీలో రాయి సైజు వీధంతా వినేట్టు చెప్పేవాళ్ళు కూడా
ఇక్కడికొచ్చి గొంతు తగ్గిస్తారు.

మిర్చి యార్డు గుమాస్తా కోటిలింగం లాప్‌టాప్ విప్పితే
ముందు నేను మూడుసార్లు తుమ్మాలి.
ఫ్యాను రెక్కల మీద ఎర్రటి పొర.
బ్రష్షుతో దులిపితే టీ తాగేవాళ్ళు కూడా దగ్గుతారు.
ఆయన పాస్‌వర్డు ఒక మిరప రకం పేరు, పక్కన ఒక అంకె,
క్వింటా ఒకప్పుడు పలికిన రేటు.
సొంతానికి దాచుకున్న పద్నాలుగు టిక్కీలూ
దానికి ముందురోజే అమ్మేశాడట.
"రోజూ కొట్టుకోవాలని పెట్టానమ్మా" అంటాడు,
కీబోర్డునో, తననో.

ట్యూషన్ వరూధిని గారు కళ్ళజోడు పెట్టె తీసి
నాలుగు మడతల చీటీ ఇచ్చారు.
అందులో పాస్‌వర్డ్ లేదు.
"బీరువాలో రెండో చీటీ చూడు" అని ఉంది.

కోచింగు హాస్టలు పిల్ల మాత్రం చెప్పదు.
కీబోర్డు తనవైపు తిప్పుకుంటుంది.
నేను గోడవైపు తిరిగి
క్యాలెండర్లో గ్యాసు బండ వచ్చిన తారీకు చదువుతుంటాను.
ఈ ఊళ్ళో తెలివైనది ఆ పిల్లొక్కతే.

రాత్రి షట్టరుతో పాటు అన్నీ దించేస్తాను.
గొప్పకి చెప్పట్లేదు.
ఎంగిలి గ్లాసు కడిగి బోర్లించినట్టు, అంతే.

పెదకాకాని నుంచి డోలు సైదులు గారొచ్చారు
ఫోను తువ్వాల్లో చుట్టుకుని.
"నంబరు గుర్తులేదు దిల్షాదమ్మా.
ఆషాఢంలో పక్షవాతం వచ్చింది. చెయ్యి తిరిగిచ్చింది గానీ
అంకెల్ని పట్టుకుపోయింది."
లోపల ముప్పై ఏళ్ళ మేళం ఉంది,
క్యాసెట్ల నుంచి ఎవరో కుర్రాడు ఎక్కించి పెట్టింది.
ఇంకో కాపీ లేదు, క్యాసెట్లు చెదలు తిన్నాయి.
ఇప్పటికే చాలాసార్లు తప్పు కొట్టారు.
ఇంకొక్కసారి తప్పితే మొత్తం చెరిపేయాల్సిందే.

"పుట్టినరోజా? బండి నంబరా?"
ఆయన మాట్లాడలేదు.
నా గాజు బల్ల మీద, మరల డబ్బా పక్కన
కుడిచెయ్యి పెట్టారు.

తకిట.
తకధిమి.
తకతకిట.
తకిట తకధిమి.

నాకు సంగీతం రాదు. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను.
మూడు. నాలుగు. ఐదు. ఏడు.
నొక్కేముందు ఒకసారి ఊపిరి బిగబట్టిన మాట నిజం.

తెరుచుకుంది.
ఆయన చెయ్యెత్తి చూపించారు:
"తాళంచెయ్యి అంటే ఇదేనమ్మా."

ఇక ఆగలేదు, టీ వచ్చేదాకా కబుర్లే.
మొన్న పక్కవీధి పెళ్ళిలో గట్టిమేళం ఫోన్లో పెట్టారట.
రెండు ముళ్ళు పడ్డాయి, మూడో ముడికి
పళ్ళపొడి ప్రకటన వచ్చింది.
పంతులు గారు ఐదు సెకన్లు ఆగారు, ముహూర్తం ఆగలేదు.
నవ్వుతుంటే ఆయన మూతి ఇంకా కొంచెం పక్కకే పోతోంది.

"నంబరు మార్చుకోండి బాబాయ్, నాకు తెలిసిపోయింది."
"మారిస్తే చెయ్యి ఒప్పుకోదు."
ముప్పై రూపాయలిచ్చి, తువ్వాలు మళ్ళీ చుట్టుకుని వెళ్ళారు.

ఆ రాత్రీ షట్టరు దించాను.
కోటిలింగం రేటు పోయింది, బీరువా చీటీలు పోయాయి.
మూడొంతెనల దగ్గర ఇరుక్కుపోయాను.
పైన గూడ్సు బండి పోతోంది, ముందు ఆటో కదలదు.
స్కూటీ బ్రేకు మీద నా వేళ్ళు, నేను చెప్పకుండానే,
మూడు కొట్టాయి, నాలుగు కొట్టాయి,
ఐదు సగంలో ఉండగా
వెనకవాడు హారన్ కొట్టాడు.