రెండో గోలీ

మా కాలేజీలో గోలీ అంటే గోల్‌కీపర్.
ఆ ఏడాది మాత్రం ఎవరన్నా "గోలీ ఏసుకున్నవా" అని అడిగితే
అది జ్వరం సంగతే.

నేను రెండో గోలీని.
మూడేళ్లు బెంచీ మీద కూర్చొని
అవద్ దూకుతుంటే చూసినవాణ్ణి.
బార్కస్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాడు,
సంచిలో బూట్ల పక్కన రెండు జామకాయలు,
ఒకటి తనకు, ఒకటి నాకు.
తొంభై నిమిషాలు ఊరికే కూర్చునేవాడికి
ఆకలెక్కువని అతని లెక్క.

మార్చిలో గేటుకు తాళం పడింది.
సెమీఫైనల్ ఇంకా తొమ్మిది రోజులుంది.
నోటీసు బోర్డు మీద మ్యాచుల పట్టిక అట్లనే ఉండిపోయింది,
ఎండకు ముందు ఎర్రసిరా పోయింది, తర్వాత నీలం.

పొద్దున ఆరింటికి ఫోన్లో ఫ్రెడ్రిక్ సార్ విజిల్.
బొల్లారంలో డాబా మీద
బట్టల తీగ కింద వంగి వంగి ఉరికేవాడు స్టాన్లీ.
తండాలో సిగ్నల్ కోసం
వాటర్ ట్యాంకు మెట్లెక్కి అక్కడే గుంజీలు తీసేవాడు తరుణ్.
చిలకలగూడ ఒంటిగదిలో నేను గోడకు బంతి కొడితే
అవతల నుంచి ఓనరమ్మ గోడను కొట్టేది.
కొన్నాళ్లకు ఆ దెబ్బలు
నాకు పాసులిస్తున్నట్టే వినబడ్డాయి.

పది నెలలకు తాళం తీశారు.
గోల్ ముందు,
ఎన్ని బ్యాచుల మోకాళ్లో గీకి గీకి
బోడిగుండు చేసిన ఎర్రమట్టిలో,
మోకాలెత్తు గడ్డి.
మధ్యలో గడ్డిచామంతులు.
అవద్ చాలాసేపు నిలబడ్డాడు.
"హమ్ నై రహే తో ఇస్కు ఆరాం హై రే" అన్నాడు.

సున్నం గీతలు గీసే బక్కన్న రాలేదు.
ఆగస్టులోనే, గాంధీలో, అని ఎవరో అన్నారు.
స్టోర్ రూంలో అతని సున్నం బండి
చక్రం తుప్పుపట్టి.
బక్కన్న ఒక కన్ను మూసి కొలిచేవాడు.
మేం ఫోన్లో కొలతలు చూసి, దారం పట్టి గీసినా
పెనాల్టీ బాక్సు ఎడమకు ఒరిగింది,
ఓ జానెడు పెరిగింది కూడా.

మ్యాచు మ్యాచుకూ ముక్కులో పుల్ల.
మొదటిది గెలిచాం, చప్పట్లు కొట్టింది వాచ్‌మన్ ఒక్కడే.
రెండోదానికి అవతలి జట్టే రాలేదు.
ఖాళీ గోల్‌లోకి ఒక బంతి తన్ని
స్టాన్లీ అందరికీ మోచేయి తాకించి వచ్చాడు.
మూడోదాని ముందురోజు
అవద్ కిట్‌లో రెండు గీతలు.

గేటు దగ్గర ఒక కవరు.
లోపల అతని గ్లౌజులు, ఒక జామకాయ.
పైన స్కెచ్ పెన్నుతో: సబ్బుతో కడిగిన.
ఏది కడిగాడో రాయలేదు.

డెబ్భై ఎనిమిదో నిమిషం. తరుణ్ కాలు తగిలింది,
వాళ్ల ఫార్వర్డ్ పడ్డాడు,
సరిగ్గా మేం పెంచిన ఆ జానెడులో.
బక్కన్న గీతయితే అది బయట.
రిఫరీకి బక్కన్న తెలియడు.

కుడికి దూకాను. కుడికే వచ్చింది బంతి.
అవద్ గ్లౌజు నా వేలికన్నా అరంగుళం పొడవు,
ఆ ఖాళీ కొసకు తగిలి
లోపలికి పోయింది.
లేచి చూసుకుంటే నేను పడ్డచోట
గడ్డి ఊడింది, ఒక మనిషి పొడవున.

రాత్రి గ్రూపులో సార్ మెసేజ్:
లీగ్ రద్దు. ఆడినవి కూడా లెక్కలోకి రావు.
తప్పించుకున్నట్టూ అనిపించింది,
దోచుకున్నట్టూ అనిపించింది.

పదకొండింటికి అవద్ ఫోన్.
గొంతు దూరంగా, గరగరగా.
స్కోరు అడగలేదు.
"జామ కైసా థా?"
ఇంకా తినలేదన్నాను.
"ఇప్పుడు తిను. నాకు రుచి తెలుస్తలేదు, వాసన గూడ.
తిని చెప్పు."

కొరికాను. కొంచెం పచ్చిగా ఉంది.
ఉప్పు లేదు, గింజలు పళ్ల కింద పటపట.
ఏం చెప్పాలో తోచక నములుతూనే ఉన్నాను,
అవతల అతను
దగ్గు ఆపుకుని వింటున్నాడు.