ఉప్పు లారీలో గోల్ఫ్

రాత్రి రెండున్నర. స్కాట్లండ్ కొండదారి.
మంచు మీద ఉప్పు జల్లుకుంటూ
ఇష్‌బెల్ లారీ నత్తనడక.

చెవిలో ఒక పెద్దమనిషి గొంతు:
పాదిరిగారు బంతికి గురిపెట్టారు,
మడమ సర్దుకున్నారు,
మళ్ళీ సర్దుకున్నారు...

ఈ కథ ఆమెకి కంఠతా వచ్చు.
ఇంట్లో అట్ట ఊడిన పుస్తకంలో
నూట పన్నెండో పేజీ, జామ్ మరక పక్కన,
ఆ బంతి ఎప్పుడో చెరువులో పడింది.
కళ్ళతో చదివితే రెప్పపాటు.
ఈయన మాత్రం
మైలున్నర దూరం ఊపిరి బిగబట్టించాడు.

బుడుంగ్!

పాదిరి నోట తిట్టు రాకూడదు కదా,
"ఆహా, గాలి దివ్యంగా ఉంది" అన్నాడు.
స్టీరింగ్ మీద వాలిపోయి నవ్వింది
గోల్ఫ్ కర్ర ఎన్నడూ పట్టని ఇష్‌బెల్.

వెనక, రోడ్డు మీద ఒకచోట
ఉప్పు కాస్త ఎక్కువే పడింది.
పొద్దున అక్కడ ఎవరూ జారరు.