పద్నాలుగో షరతు

ఢిల్లీకి పోయే కాయితమైతే
నా చేతులకే కండ్లున్నయి.
ఏ పేజీకి ఏ ముద్ర, ఎక్కడ మూడు కాపీలు, ఎక్కడ ఐదు,
కరెంటు పోయినా సర్దిపెడ్త.
సర్కారు నిదానంగ అడుగుతది, నిదానంగ ఇస్తది,
ఇయ్యకపోతే ఎందుకియ్యలేదో
అది గూడ నిదానంగనే చెప్తది.

ప్రైవేటు ట్రస్టులు అట్ల గాదు.
కొత్త చుట్టపోళ్ళ ఇంటికి పోయినట్టు
చెప్పులు ఎక్కడ విడవాల్నో తెల్వదు.
ఒకరు రెండే పేజీలంటరు.
ఒకరు మనసుకు తాకేటట్టు రాయమంటరు.
ఇంకొకరు, కరెంటు బిల్లు మాది గాదు,
యూనివర్సిటీ పది శాతం మాది గాదు,
మాఫీ చేసినట్టు లెటరు జతచెయ్యిమంటరు.

అజ్మీర సుగుణ మేడం
మూడు గంటలకు ఉరుక్కుంట వచ్చింది.
ఐదు పనిదినాల ముందే ఇయ్యాలని
తలుపుకు నేనే అంటించిన నోటీసు
ఆమె భుజం తగిలి ఊడిపడ్డది.
గడువు సాయంత్రం ఐదు.
రిజిస్ట్రారు సారు హైదరాబాదుల మీటింగుల.
జువాలజీల పార్ట్‌టైం లెక్చరర్ ఆమె,
పీరియడుకింత అని జీతం,
మూడు నెలల సంది ఆ లెక్క తేలలే.
ప్రపోజలు మీద మొదటి పేరు పెద్దసారుది.
కింది పేరు కింద ఉన్న పనంతా ఈమెది.

మిర్చి పువ్వుల నల్ల తామరపురుగు.
ఆవగింజల సగం లేదు.
ఏ మందుకు చస్తది,
ఏ మందు తాగి ఇంకింత బలుస్తది,
నర్సంపేట దిక్కు నలభై చెలకల్ల
రెండేండ్లు పువ్వు పువ్వు ఇప్పి చూస్తదట.
పైసలిచ్చే ట్రస్టు
పురుగుమందుల కంపెనీది.

'లబ్ధిదారుల సంఖ్య' అన్న గడిల
'మా నాయిన' అని కొట్టింది.
గడి ఎర్రబడ్డది. అక్షరాలు పట్టవట, అంకెలే.
1 అని కొట్టింది.
కనీసం ఐదు వందలుండాలె అన్నది గడి.
కొద్దిసేపు ఇద్దరం ఫ్యాను చప్పుడు విన్నం.
'ఎనుమాముల మార్కెట్ల ఒక్క పొద్దు
ఎన్ని బస్తాలు దిగుతయి సార్?'
నాకేమెరుక, ఫైళ్ళు లెక్కబెట్టెటోన్ని.
501 అని పెట్టింది.
ఆ ఒకటి ఎవరో నేనడగలే.

ఆఖరుకు ఒప్పందం.
పదమూడు షరతులకు తల ఊపుకుంట వచ్చి
పద్నాలుగో దాని కాడ ఆగింది.
ఫలితాలు ముందుగాల వాళ్ళకు చూపాలె,
వాళ్ళ అనుమతి లేంది అచ్చు వెయ్యొద్దు.
నా టేబుల్ మీది స్కేలు తీసుకొని,
పిల్లలు మార్జిన్ గీసుకున్నట్టు,
నీలి సిరాతోని
దాన్ని అడ్డంగ కొట్టేసింది.
'ఇట్ల పంపరా సార్?'

ముప్పై ఒక్క యేండ్ల సర్వీసు నాది.
వైట్‌నర్ మరక కనబడితేనే వాపస్ పంపిన.
కామా కోసం ఒక ప్రొఫెసరును
వడగాలిల రెండు మెట్లవరసలు ఎక్కించిన.
రిజిస్ట్రారుకు ఫోన్ చేసిన.
'ఏముందయ్యా అందుల?'
'మామూలే సార్.'
'నా తరఫున సంతకం పెట్టి పంపు.'

కొట్టివేత పక్కన పొట్టి సంతకం పడితే
కొట్టివేత చెల్లుతది.
అది ఆఫీసుల అటెండరుకు గూడ తెలిసిన రూలే.
పెట్టిన.
నా పేరుల మొదటి అక్షరం
ఎన్నడూ అంత వంకర రాలే.

నాలుగు యాభై ఏడు.
తెర మీద చక్రం తిరిగి తిరిగి
ఒక పొడుగు నంబరు ఇచ్చింది.
తొంభై రోజులల్ల తెలియజేస్తమన్నది.
ఆమె ఆ నంబరును ఫోన్‌ల గాదు,
అరచేతుల రాసుకున్నది,
పరీక్ష హాల్‌టికెట్ నంబరు లెక్క.

పోతపోత నోటీసు ఏరి
తలుపుకు ఒత్తింది. జిగురు చచ్చిపోయింది, నిలువలే.
మడిచి నా టేబుల్ మీద పెట్టి
బయట తుమ్మచెట్ల మీది ఎండను చూసుకుంట
వేళ్ళ మీద నెలలు లెక్కగట్టింది.

'తొంభై రోజులంటే, సార్,
ఇప్పటి పువ్వంతా కాయైతది.
ఐతే.'